ఎడమవైపు రెండు చక్రాలు

మా రేవుకి వచ్చిన కొత్త ఫెర్రీ మీద ఒకేసారి పద్దెనిమిది కార్లు పడతాయి. మా ఊళ్ళో ఉన్నది ఒకటే కారు. అదీ ఆరేళ్ళుగా రైసుమిల్లు వెనక కొబ్బరి మట్టల కింద పడుంది. అందులో పిల్లి ఈనింది.

అంతకు ముందు మాకు పంటు ఉండేది. రెండు పాత నావల్ని పక్కపక్కన పెట్టి, కొబ్బరి తాడుతో బిగించి, పైన చెక్కలు పరిచి, ఒక పక్కన ఇంజను తగిలిస్తే అదే పంటు. దాన్ని నడిపే సరంగు పోలయ్య బాబాయి. మోటారు సైకిళ్ళు, గేదెలు, పెళ్ళివారు, పెళ్ళివారితో దెబ్బలాడి తిరిగొస్తున్నవారు, అందరూ దాని మీదే దాటేవారు. ముప్పై ఏళ్ళలో నీళ్ళలో పడింది ఒక్క ఫోటోగ్రాఫరు, అదీ వెనక్కి నడుస్తూ. అంత భద్రంగా నడిచేదాన్ని భద్రత లేదని ఆపేసి, దాని జాగాలో ఈ ఫెర్రీ పెట్టారు. పెట్టినవాళ్ళు కార్ల పథకం కింద పెట్టారట. అందుకని ముందు భాగాన బోర్డు కూడా కట్టారు: 'కార్లకు మాత్రమే'.

నా పని ఐసు. మా ఒడ్డున ఐసు ఫ్యాక్టరీ ఉంది, చేపల మార్కెట్టు లేదు. అవతలి ఒడ్డున చేపల మార్కెట్టు ఉంది, ఐసు ఫ్యాక్టరీ లేదు. ఈ రెంటినీ ఇలా విడదీసి పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయన పుణ్యాన నా పొయ్యి వెలుగుతోంది. మా ఆవిడ మంగ తెల్లవారగానే మనుషుల్ని ఎక్కించుకునే చిన్న పడవలో అవతలికి వెళ్ళి వేలంపాటలో చేపలు కొంటుంది. ఆ పడవ పొద్దున్నే ఒక్కసారి వెళ్ళి మళ్ళీ సాయంత్రం గాని రాదు. ఫ్యాక్టరీ తలుపులు తీసేది ఎనిమిదింటికి. నేను నాలుగు దిమ్మలు కొట్టించుకుని, రంపపు పొట్టు పోసి, గోనె చుట్టి, బండి వెనక పెట్టెలో వేసుకుని పదింటికల్లా మంగకి చేర్చాలి. పది దాటితే మార్కెట్టు రేకుల మీద ఎండ పడుతుంది, చేప మెత్తబడుతుంది. వంతెన మీంచి చుట్టి వెళ్ళాలంటే నలభై ఆరు కిలోమీటర్లు. బయలుదేరేటప్పుడు ఐసు, చేరేటప్పుడు చెమ్మ.

ఫెర్రీ మొదలైన రోజున ఎనిమిదిన్నరకి రేవులో ఉన్నాను. ఫెర్రీ ఎక్కే పలక దగ్గర టేబులు, టేబులు వెనక గొడుగు, గొడుగు కింద వాచస్పతి గారు. జలమార్గ వాహన సంచార పర్యవేక్షణాధికారి. ఆ పేరు ఆయన చొక్కా జేబు మీద పట్టక, మిగిలింది భుజం మీదికి కుట్టించుకున్నారు.

"ఇది కారు ఫెర్రీ. సదరు మీ వాహనం కారు పరిధిలోకి రాదు," అన్నారు.

"అవునండి, మోటారు సైకిలండి. సిన్నదండి. ఓ మూల నెట్టుకుంటానండి."

"మూల అనేది కూడా కారు నిమిత్తం ఉద్దేశింపబడిన స్థలమే."

"ఫెర్రీ మొత్తం ఖాళీగానే ఎల్తంది గదండి!"

"ఖాళీగా వెళ్ళడంలో నిబంధనల ఉల్లంఘన ఏదీ లేదు. పైపెచ్చు ఖాళీగా వెళ్ళినందువల్లనే నిర్ణీత సమయానికి వెళ్తోంది."

అన్నట్టుగానే అరగంటకోసారి ఫెర్రీ కూత వేసి, ఏమీ ఎక్కించుకోకుండా, దింపడానికి ఏమీ లేకుండా అవతలికి వెళ్ళింది. వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. నా పెట్టె కిందనుంచి నీళ్ళు కారి టేబులు కాళ్ళ దాకా వెళ్ళాయి. వాచస్పతి గారు కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

పదిన్నరకి మంగ ఫోను.

"ఎక్కడ సచ్చేవయ్యా?"

"రేవులోనే. ఎక్కనివ్వట్లేదే."

"ఎవరూ?"

"ఆఫీసరు. మన బండి కారు కాదంట."

"ఆ సంగతి కనిపెట్టడానికి ఆఫీసరెందుకు? పెళ్ళైన కాణ్ణించీ నేను సెప్తన్నాను! ఇక్కడ సందువాయి సేపల కళ్ళు మసకేసేస్తన్నాయి. ఇంకాసేపైతే నన్ను కూడా గుర్తుపట్టవు అయ్యి."

ఆ రోజు చేపలన్నీ ఎండుచేపల వాళ్ళకి పోయాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు పోలయ్య బాబాయి, విప్పేసిన తన రెండు నావల్లో బోర్లించిన దాని మీద కూచుని చుట్ట వెలిగించుకుంటూ నా వైపు చూశాడు. పంటు ఆగినప్పటి నుంచీ ఆయనకి చూడటమే పని.

"ఒరే అబ్బులూ, రెండు నావలు కట్టేస్తే పంటయ్యింది. రెండు మోటారు సైకిళ్ళు కట్టేస్తే కారవదేటి?"

ఆ మాట ఆయన వెటకారానికే అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వనిది వాచస్పతి గారొక్కరే. ఆయన లావుపాటి పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని, పేజీ వెతికి, లేచి నిలబడి చదివారు.

"కారు అనగా నాలుగు చక్రములు కలిగి యంత్రశక్తిచే నడుచు వాహనము. యంత్రములు రెండు ఉండరాదని ఎక్కడా లేదు. మధ్యలో తాడు ఉండరాదనియు ఎక్కడా లేదు."

తరువాత పై ఆఫీసుకి ఫోను చేశారు. పది నిమిషాలు నిటారుగా నిలబడే మాట్లాడారు. ఫోను పెట్టేసి, "పై కార్యాలయం వారు హర్షం వెలిబుచ్చారు. ఫెర్రీ ప్రారంభమైనది మొదలు ఒక్క కారూ రాలేదని వారికి మనస్తాపంగా ఉన్నది. మీరు తక్షణమే కారు కండి," అన్నారు.

కారు అవడానికి ఇంకో మోటారు సైకిలు కావాలి. ఆ వేళప్పుడు రేవులో ఉన్నది ఒక్కటే. అది ఏడుకొండలుది.

ఏడుకొండలు మంగకి సొంత తమ్ముడు. అంటే నాకు బావమరిది. నాటుకోళ్ళు గంపల్లో వేసుకుని అవతలి ఒడ్డున అమ్ముతాడు. ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు. వాడి ఇంటి గృహప్రవేశానికి అందర్నీ నిలబెట్టి ఫోటో తీయిస్తూ, "బావా, నువ్వలా పక్కకెళ్ళి ఆ లైటు పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ హాల్లో ఉంది. అందులో వాడి దూరపు పినతల్లి తోడికోడలు కూడా ఉంది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఆ వెలుగు నాది.

"బాబాయ్," అన్నాను పోలయ్య బాబాయితో, రెండడుగుల దూరంలో ఉన్న ఏడుకొండలు వినేటట్టు, "ఆడికి కోళ్ళు అవతలికి ఎల్లాల్సిన పని ఉందో లేదో కనుక్కో."

"ఉందని సెప్పు బాబాయ్," అన్నాడు వాడు. "కానీ నేను ఎడంపక్కన ఉండనని కూడా సెప్పు. నాది కొత్త బండి."

"కొత్త బండైతే కుడిపక్కనే ఉండాలని రూలేటన్నా ఉందేమో అడుగు."

"ఉన్నది," అన్నారు వాచస్పతి గారు. "కుడివైపు ఉన్నవాడు చోదకుడు. చోదకునికి సక్రమమైన కాగితాలు ఉండవలెను."

నా బండి కాగితాలు నానిపోయి చాలాకాలమైంది. ఐసు పని. అందుచేత రిజిస్టరులో ఇలా రాశారు: కారు నంబరు ఒకటి. యజమాని మరియు చోదకుడు ఏడుకొండలు. ఎదురుగా రెండో గడిలో: ఎడమవైపు రెండు చక్రాలు, అబ్బులు.

వెదురు బొంగులు అడ్డంగా పెట్టి, పోలయ్య బాబాయి నావలు కట్టినట్టే కట్టాడు. ఏడుకొండలు స్టార్టు చేశాడు. నేనూ చేయబోయాను.

"ప్రయాణికుడు వాహనమును నడపరాదు. చేతులు తీయండి."

"హ్యాండిలు పట్టుకోపోతే ఎలాగండీ?"

"కారులో పక్క సీటువాడు స్టీరింగు పట్టుకుంటాడా?"

చేతులు కట్టుకుని కూచున్నాను. బండి నాది, ఐసు నాది, బండి మాత్రం వాడు ఎటు తిప్పితే అటు పోతోంది.

"సీటు బెల్టులేవి?"

మిగిలిన కొబ్బరి తాడు నడుములకి చుట్టాడు బాబాయి.

"తలుపులు?"

నాలుగు గోనెసంచులు వేలాడదీశాం. ఆయన ఒక్కొక్క గోనె ఎత్తి, దించి చూసి, వెనక ఎడమ తలుపు సరిగ్గా పడటం లేదన్నారు. దానికి చిన్న రాయి కట్టాం.

"రివర్సు గేరు?"

పోలయ్య బాబాయి వెనక్కి వెళ్ళి, మధ్య బొంగు పట్టుకుని, రెండడుగులు వెనక్కి లాగి చూపించాడు.

"తృప్తికరంగా ఉన్నది. కాని వెనుకకు వచ్చునప్పుడు హెచ్చరిక శబ్దం రావలెను."

డెబ్భై ఏళ్ళ మనిషి, గోదారి పోటులో ముప్పై ఏళ్ళు పంటు నడిపిన సరంగు, చుట్ట తీసి చెవి మీద పెట్టుకుని, "కుయ్... కుయ్... కుయ్..." అన్నాడు.

ఇంక అయిపోయిందనుకున్నాం. ఆయన చూపు గంపల మీద పడింది.

"కారులో అయిదుగురికి మించరాదు. మీరు ఇద్దరు. వీరు పదకొండు మంది."

"కోళ్ళండి అయ్యి!" అన్నాడు ఏడుకొండలు.

"ప్రాణం ఉన్నదా, లేదా?"

"పెస్తుతానికి ఉందండి."

చివరికి గంపల మీద ఒక గోనె కప్పి, దాన్ని డిక్కీ అని రాసుకున్నారు. డిక్కీలో ఏముందో చూడవలసిన పని తమది కాదన్నారు. ఆ తరువాత కట్టు మీద సీసపు బిళ్ళ పెట్టి, ముద్ర నొక్కారు. ఆ ముద్ర ఉన్నంత కాలం అది కారు. ముద్ర పగిలితే అది నేరం.

పదికి పది నిమిషాలు తక్కువలో అవతలి ఒడ్డున దిగాం. మంగ చేపల తట్ట ముందు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. ఒకే తాడుతో నడుములు కట్టుకుని, మొహాలు అటొకటీ ఇటొకటీ తిప్పుకుని వస్తున్న మొగుణ్ణీ తమ్ముణ్ణీ చూసి, ముందు నోరు తెరిచింది. తరువాత నవ్వు ఆపుకోలేక చేపల మీద కూలబడింది.

"ఆరేళ్ళు కాళ్ళా వేళ్ళా పడి నేను కట్టలేనిది, గవర్నమెంటోళ్ళు తాడేసి కట్టేసేరు గదమ్మా!"

"నవ్వింది సాలు గాని ఐసు దింపుకో," అన్నాను.

చందువాయిల కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. దానికోసం నేను ఎడమవైపు చక్రాలుగా ఉండటానికి కూడా ఒప్పుకున్నాను.

నెల తిరిగేసరికి ఊరంతా జతలు జతలైంది. జతలు కుదర్చడానికి పెళ్ళిళ్ళ పేరయ్యలాంటివాడు ఒకడు తయారయ్యాడు. బుల్లెట్టు వాళ్ళు మోపెడ్డు సంబంధం వద్దన్నారు. ఎత్తు కుదరలేదని ఒకటి, రంగు తక్కువని ఒకటి తప్పిపోయాయి. ఒక మేష్టారు తన బండికి ఎంతకీ జత దొరక్క, చివరికి ఇంజను పోయిన బండిని తెచ్చి కట్టుకున్నాడు. ఎడంపక్క ఎలాగూ ఆపేసే ఉంచాలి కదా అన్నాడు. చదువుకున్నవాడు.

ముద్ర తీసే అధికారం వాచస్పతి గారికీ లేదట, వేసే అధికారమే ఉందట. అందుకని కట్టినది కట్టినట్టే ఉండిపోయింది. మా సందులో కారు పట్టదు. కాబట్టి అది ఏడుకొండలు పెరట్లో ఉండేది. రోజూ ఏడింటికి నడిచి వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. వాళ్ళావిడ కాఫీ ఇచ్చేది. తాగేవాణ్ణి. ఎదురుగా ఆ ఫోటో. వాడితో మాత్రం మాట్లాడేవాణ్ణి కాదు. వాడు క్షవరానికి వెళ్ళినా నేను పక్కన ఉండాల్సిందే. మంగలి నన్ను కూడా ఉత్తినే ఉండనివ్వక గడ్డం గీసేవాడు.

ఇంతలో పై ఆఫీసు వాళ్ళొచ్చి వాచస్పతి గారికి శాలువా కప్పారు. ఊళ్ళో కార్ల సంఖ్య ఒకటి నుంచి నూట పద్నాలుగుకి పెరిగిందని, ఒక ఫెర్రీ వల్ల ఒక గ్రామం ఇంత త్వరగా ఐశ్వర్యవంతం కావడం జలమార్గ చరిత్రలోనే లేదని ఉపన్యాసం చెప్పారు. మేం చప్పట్లు కొట్టాం. మా గురించే అని తెలియలేదు.

పది రోజులకి తెలిసింది. బియ్యం కార్డుల ఆఫీసు నుంచి ఇంటింటికీ కాగితం వచ్చింది. నాలుగు చక్రాల వాహనం గల కుటుంబం బియ్యానికి అనర్హం. మీ కార్డు రద్దయినది. అభ్యంతరమున్నచో బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకి స్వయంగా హాజరు కావలెను.

ఆ ఆఫీసు అవతలి ఒడ్డున ఉంది. బుధవారం నాడు కారు లేదని చెప్పుకోవడానికి కారులో వెళ్ళాం. వెనక పెట్టెలో నాలుగు దిమ్మల ఐసు. ఇక్కడ పది నిమిషాల్లో తేల్చుకుని మార్కెట్టుకి పోదామని మా లెక్క.

కార్డుల అధికారిణి కళ్ళజోడు సర్దుకుని అడిగింది.

"కారు లేదంటున్నారు. మరి ఎలా వచ్చారు?"

"ఫెర్రీ మీదండి," అన్నాను.

"ఫెర్రీ మీదికి కార్లను మాత్రమే అనుమతిస్తారు కదా?"

కిటికీలోంచి బయటికి చూసింది. మా కారు నిలబడి ఉంది. కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. డిక్కీలోంచి ఒక పుంజు తల బయట పెట్టి ఆవిణ్ణే చూస్తోంది.

"రెండు బళ్ళు కట్టేమండి అంతే. ఇప్పేసి సూపిస్తామండి," అన్నాడు ఏడుకొండలు.

అంతలో వరండాలోంచి వాచస్పతి గారి గొంతు వినిపించింది. ఆయన్ని సాక్ష్యానికి పిలిపించారట. రిజిస్టరునీ తన లావుపాటి పుస్తకాన్నీ గుండెలకి హత్తుకుని వచ్చారు.

"విప్పుట అనగా ముద్రాభంగం. సదరు కారు పేరు రిజిస్టరు నుంచి తొలగించబడును. మరల ఎన్నడూ ఫెర్రీ ప్రవేశం ఉండదు."

"అలాగైతే," అంది ఆవిడ, "విప్పితే కార్డు. విప్పకపోతే ఫెర్రీ. ఆలోచించుకోండి. ఈ కార్యాలయం ఎవరినీ బలవంతపెట్టదు."

బియ్యమా, ఐసా? బియ్యం పోతే ఇంట్లో కుండ లేదు. ఐసు పోతే పొయ్యే లేదు. గోడ మీద గడియారం పదింబావు చూపిస్తోంది. కిటికీ కింద నీళ్ళు మెట్టు దిగి రోడ్డెక్కాయి.

అప్పుడు వచ్చింది మంగ. నెత్తి మీద చేపల తట్ట. ఐసు చేపల దగ్గరికి రాకపోతే చేపల్నే ఐసు దగ్గరికి తెచ్చేసింది. ఆఫీసు గుమ్మం ముందే పెట్టె మూత తీసి, మిగిలిన ఐసు మీద చందువాయిల్ని వరసగా పేర్చి, మూత వేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

"ఏటమ్మా గొడవ?" అంది. చెప్పారు. వాచస్పతి గారి చేతిలోని రిజిస్టరు వైపు వేలు చూపించింది. "అందులో కారు ఎవరిదని రాసేరో సదవండి బాబూ."

"యజమాని మరియు చోదకుడు ఏడుకొండలు."

"మరి మా ఆయన?"

"ఎడమవైపు రెండు చక్రాలు."

"ఇంకేటి మరి! కారు ఆయనది కాదు గదా. ఎవడి కారులోనో పక్కన కూకున్నంత మాత్రాన మాకు కారున్నట్టా? రెండు సక్రాలకి కార్డు తీసేస్తారేటి ఎక్కడన్నా?"

అధికారిణి పుస్తకం తిరగేసింది. "రెండు చక్రాలు అనర్హత కాదు," అని ఒప్పుకుంది. నా కార్డు నాకు వచ్చేసింది.

నేను లేచాను. మంగ కదల్లేదు.

"మరి మా తమ్ముడి పిల్లలు ఏం తింటారు? ఆళ్ళ పేర్లు మా కార్డులో ఎక్కించండి."

"పిల్లల్ని తండ్రి లేకుండా ఎక్కించడం కుదరదమ్మా. తండ్రి కారు యజమాని. కారు యజమానిని చేర్చడానికి వీల్లేదు." ఆవిడ మళ్ళీ పుస్తకంలో చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "కాని చక్రాలను చేర్చరాదని ఎక్కడా లేదు."

వాచస్పతి గారు సంతోషంగా తల ఊపి, తన లావుపాటి పుస్తకం కూడా ఆవిడ చేతిలో పెట్టారు. ఆయనకి తనవంటి మనిషి ఇన్నాళ్ళకి కనిపించింది.

అలా ఏడుకొండలు కుటుంబం నా కార్డులోకి వచ్చింది. కుటుంబ యజమాని: అబ్బులు. రెండో గడిలో: ఏడుకొండలు. యజమానితో సంబంధం: కుడివైపు రెండు చక్రాలు. ఎడమవైపు రెండూ కుడివైపు రెండూ కలిపితే ఎన్నవుతాయో ఆవిడ కూడలేదు. నేనూ కూడలేదు. ఆరో క్లాసులో మానేసినవాణ్ణి, నాకెందుకు?

"కార్డుకి ఫోటో కావాలి. వచ్చిన కుటుంబ సభ్యులందరూ అలా గోడ దగ్గర నిలబడండి," అంది ఆవిడ.

గది చీకటిగా ఉంది. కెమెరా అబ్బాయి మొహాలు కనపడటం లేదన్నాడు. బల్ల మీద పొడుగు తీగ ఉన్న లైటు ఒకటి ఉంది. దాన్ని ఎవరైనా పట్టుకోవాలి.

మంగ నన్ను చూసింది, తమ్ముణ్ణి చూసింది. ఏడుకొండలు గోడ దగ్గరనుంచి ఇవతలికి వచ్చాడు. లైటు చేతిలోకి తీసుకుని, తీగ సర్దుకుంటూ, మధ్యలో పోలయ్య బాబాయి లేకుండా, నాతోనే అన్నాడు.

"బావా, నేను పట్టుకుంటాలే. నువ్వు నిలబడు."

ఆరేళ్ళు నేను ఎదురుచూసిన క్షణం అది. కార్డు నాది. యజమానిని నేను. ఆ ఫోటోలో వాడు లేకుండా నా మొహం వెలిగిపోతుంటే, దాన్ని పెద్దది చేయించి హాల్లో పెట్టుకుని, రోజూ వాడికి కాఫీ ఇస్తూ చూపించవచ్చు. ఆ సుఖం కాసేపు అనుభవించాలనే ఉంది. కాని కిటికీ కింద నీళ్ళు రోడ్డు దాటి అవతలి కాలవలో పడుతున్నాయి. పెట్టెలో మిగిలిన ఐసు ఎంతుందో నాకు తెలుసు. దిమ్మ చూడక్కర్లేదు, నీళ్ళు చూస్తే చెప్పగలను. పగ తీర్చుకోవడానికి కనీసం రెండు దిమ్మలు కావాలి. నా దగ్గర అరదిమ్మ ఉంది.

"లైటు ఆయనకిచ్చెయ్యి," అన్నాను వాచస్పతి గారిని చూపించి. "వచ్చి నిలబడరా ఎదవా. ఐసు కరిగిపోతంది."

"అటువంటి విధి నా జాబితాలో..." అంటూ వాచస్పతి గారు పుస్తకం కోసం చూశారు. అది అధికారిణి చేతిలో ఉంది. పుస్తకం లేకపోయేసరికి ఆయనకి కాదనడం చేతకాలేదు. లైటు పట్టుకున్నారు.

వాడు ఎప్పటిలాగే కుడిపక్కన నిలబడ్డాడు. నేను ఎడంపక్కన. మధ్యలో మంగ, చేతిలో తట్ట. ఆఖరి నిమిషంలో చంకలోకి ఎలా వచ్చిందో, డిక్కీలోని పుంజు ఒకటి.

పదకొండు కాకముందే చేపలన్నీ అమ్ముడుపోయాయి. అరదిమ్మ ఐసు సరిగ్గా సరిపోయింది.

కార్డు నిన్న వచ్చింది. వాచస్పతి గారికి లైటు పట్టుకోవడం అలవాటు లేదు, చెయ్యి ఓ పక్కకి వంచేశారు. ఫోటోలో ఏడుకొండలు ఉన్నాడో లేడో, గోడ ఉందో చీకటి ఉందో తెలియడం లేదు. వెలుగంతా ఎడమవైపే పడింది.